కొత్త పోయేదాకా: వలస వెళ్లి వచ్చిన నాన్న పసిబిడ్డకు చేరిక కావడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఎచ్చెర్ల, గార, పూసపాటిరేగ, భోగాపురం మండలాల తీరగ్రామాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్లే మత్స్యకారులు ఆగస్టు ప్రాంతంలో బయలుదేరితే మళ్లీ వేసవికి గాని ఇల్లు చేరరు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం నుంచి హైదరాబాదు, చెన్నై భవన నిర్మాణ పనులకు, గల్ఫ్ దేశాలకు వెళ్లేవారి సంగతీ ఇంచుమించు అంతే. నెలల తరువాత గుమ్మంలో అడుగుపెట్టిన తండ్రిని చూసి ఏడాదిన్నర బిడ్డ మామ్మ చీర చాటుకు చేరి గుక్కపెట్టి ఏడ్వడం మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లకు తెలిసిన దృశ్యమే. ‘కొత్త చేస్తున్నాడు, అదే పోతుందిలే’ అని పెద్దలు సర్దిచెబుతారు. ఆ మాటలో సగమే నిజమున్నది. కొత్త పోతుంది గాని, తండ్రి తొందరపడితే ఆలస్యంగా పోతుంది.

ముందుగా ఆ ఏడుపు ఎందుకో తెలుసుకోవాలి. ఎనిమిదో నెల ప్రాంతంలో బిడ్డకు రోజూ తనను ఎత్తుకునే ముఖాలు వేరు, తక్కిన ముఖాలు వేరు అన్న ఎరుక కలుగుతుంది. కంటికి కనబడని అమ్మ ఎక్కడో ఉన్నదన్న సంగతీ ఆ రోజుల్లోనే తెలియడం మొదలవుతుంది కనుక, ఆమె చంక దిగడమంటేనే భయపడుతుంది. చాలామంది పిల్లల్లో ఈ బెదురు రెండేళ్లు నిండేసరికి తగ్గుముఖం పడుతుంది. అంటే ఏడ్చే బిడ్డ తండ్రిని కాదనుకోవడం లేదు. వయసుకు తగినట్టు ఎదుగుతున్నది. ఇది తెలియక నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ఏడు నెలల తరువాత ఇంటికి వచ్చిన రోజున, ఇరుగుపొరుగు చూస్తుండగా, పదహారు నెలల మా వాడిని వాళ్లమ్మ చేతుల్లోంచి అమాంతం లాక్కుని ముద్దుపెట్టుకున్నాను. వెక్కిళ్లు వచ్చేదాకా ఏడ్చాడు. ఆపైన మూడు రోజులు నేను కూర్చున్న మంచం వైపే రాలేదు.

కాబట్టి తొలిరోజు ఎత్తుకోవద్దు. కాళ్లూ చేతులూ కడుక్కుని, నేల మీద, బిడ్డకు రెండు మూడు బారల దూరంలో కూర్చోండి. నిలబడిన మనిషి పసివాడి కంటికి తాటిచెట్టంత కనబడతాడు. రెప్పవేయకుండా బిడ్డనే చూడకుండా ఇంటివారితో మెల్లగా మాట్లాడుతూ ఉండండి. అమ్మ నవ్వుతూ మాట్లాడే మనిషి వల్ల భయం లేదని బిడ్డ ఆమె ముఖం చూసి గ్రహిస్తుంది. తెచ్చిన బొమ్మను చేతికి ఇవ్వజూపే కంటే మీ పక్కనే నేల మీద పెట్టి ఊరుకోవడం మేలు. ఆ బొమ్మ కోసం బిడ్డ తనంతట తాను పాక్కుంటూ వచ్చి, మీ మోకాలి మీద చెయ్యి వేసి, మళ్లీ అమ్మ దగ్గరికి పరుగెత్తిందంటే ఆ రోజుకు అది చాలు. కొందరు పిల్లలకు గంట పడుతుంది, కొందరికి వారం పడుతుంది.

కొంచెం చేరిక అయ్యాక, బిడ్డకు రోజూ జరిగే పనుల్లో ఒకటి మీ చేతిలోకి తీసుకోండి. స్నానమో, అన్నమో, నిద్రో ఏదైనా సరే, ఒక్కటే తీసుకోండి. రోజూ అదే వేళకు చేయండి. నా అనుభవంలో లాలపోయడం అన్నిటికంటే బాగా పనిచేసింది. తొలి రెండు రోజులు మామ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని పోస్తుంటే మీరు చెంబు అందించండి, మూడో నాడు మీరే పోయండి. నీటి వేడిని అరచేతితో కాక మోచేతితో చూడాలి. నెలల బిడ్డయితే మెడ కింద చెయ్యి తీయకూడదు. పెద్దవాళ్లు అలవాటుగా చెప్పినా ముక్కులో, చెవుల్లో నూనె వేయవద్దు. బిడ్డ బెంబేలెత్తి ఏడిస్తే పంతానికి పోక అమ్మకు అందించి, మర్నాడు మళ్లీ ప్రయత్నించండి. అన్నం తినిపించే పని ఎంచుకున్నవారు గిన్నె పట్టుకుని వెంటపడవద్దు. మెత్తగా కలిపిన పప్పన్నం రెండు ముద్దలు తిన్నా చాలు.

ఆటల్లో దోబూచులాటను మించింది లేదు. తువ్వాలు చాటున ముఖం దాచి మళ్లీ చూపిన ప్రతిసారీ, కనబడకుండా పోయిన నాన్న తిరిగి వస్తాడన్న సంగతినే బిడ్డ నేర్చుకుంటుంది. వలస వెళ్లే తండ్రికి ఇంతకంటే పనికివచ్చే ఆట ఏముంటుంది? రెండేళ్లు దాటిన పిల్లలను ఉప్పుమూట మోయవచ్చు. గాలిలోకి ఎగరవేసి పట్టుకోవడం మాత్రం వద్దు. ఒక్కసారి చెయ్యి జారితే చాలు. మూడేళ్ల పిల్లలున్నవారు చలికాలంలో సెలవు దొరికితే టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఒక పూట తీసుకువెళ్లండి. అక్కడ చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతుల్లో ఆడదీ మగదీ వంతులవారీగా గుడ్లు పొదుగుతాయి, రెండూ పిల్లలకు మేత తెస్తాయి. పిల్లలకు చూపించి చెప్పడానికి అంతకంటే మంచి కథ అక్కర్లేదు.

తిరుగు ప్రయాణం నాడు మన ఇళ్లలో చెప్పే సలహా ఒకటుంది: ‘పడుకున్నప్పుడు వెళ్లిపో, ఏడవకుండా ఉంటాడు.’ ఇది వద్దంటాను. లేచి చూసేసరికి నాన్న లేడన్న అనుభవం కలిగిన బిడ్డ తరువాత నిద్రకే భయపడవచ్చు. ఏడ్చినా సరే, మేలుకుని ఉన్నప్పుడే చెప్పి, చెయ్యి ఊపి వెళ్లండి. నెలలూ తేదీలూ మూడేళ్ల బిడ్డకు అందవు కనుక కంటికి కనబడే గుర్తు చెప్పండి: ‘తోటలో జీడిపళ్లు పండినప్పుడు వస్తాను’ అంటే ఉద్దానం పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. అయితే ఫలానా రోజునే వస్తానని మాట ఇవ్వవద్దు. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన జిల్లాల మత్స్యకారులు ఇల్లు చేరేసరికి 2020 జనవరి వచ్చింది.

దూరాన ఉన్నప్పుడు ఫోను ఉంది. ఏడాదిన్నర లోపు పిల్లలకు తెర చూపవద్దనే అమెరికా శిశువైద్యుల సంఘం కూడా ఇంటివారితో వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది. అయిదు నిమిషాలు చాలు, కాని రోజూ ఒకే వేళకు చేయండి. ‘నేనెవరు, చెప్పు చెప్పు’ అంటూ పరీక్ష పెట్టకండి. బిడ్డ అన్నం తినే వేళకు మీరూ పళ్లెం ముందు కూర్చోండి, దోబూచి ఆడండి. వేటకు వెళ్లి రోజుల తరబడి సిగ్నల్ అందనివారు జోలపాటో, రెండు కబుర్లో ముందే రికార్డు చేసి పంపితే అమ్మ నిద్రవేళకు వినిపిస్తుంది.

ఇంట్లో ఉన్నవారికీ ఒక మాట. అన్నం తినకపోతే ‘ఉండు, నాన్న వచ్చాక చెబుతాను’ అని బెదిరించడం మానాలి. ఎదురుగా లేని మనిషిని బూచిని చేస్తే, వచ్చిన నాడు బిడ్డ దాక్కోక ఏం చేస్తుంది? దానికి బదులు గోడ మీద, బిడ్డ కంటికి అందే ఎత్తులో నాన్న ఫొటో ఒకటి అంటించి, పొద్దున్నే పలకరించడం అలవాటు చేయండి.

మరుసటి వేసవికి వచ్చినప్పుడు కూడా బిడ్డ చాటుకు పోవచ్చు. మళ్లీ నేల మీద కూర్చోవడంతోనే మొదలుపెట్టండి. మా వాడికి రెండోసారి ఒక్క పూటే పట్టింది. నేను కాళ్లు కడుక్కుని వచ్చేసరికి తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.