పల్లిచెక్క తిన్నా ఎదగని పొట్టేళ్లు: నాకు పనిచేసిన పద్ధతి

చేవెళ్ల వైపు మా షెడ్‌లో హైదరాబాద్‌లోని జియాగూడ గొర్రెల మండికి పెంచే పొట్టేళ్లు పల్లిచెక్క (పల్లీల నూనె తీశాక మిగిలే పిప్పి) బాగానే తినేవి, బరువు మాత్రం పెరిగేది కాదు. పొద్దున షెడ్‌లోకి వెళ్తే మూత్రం ఘాటుకు కళ్లు మండేవి. నట్టల మందు, మినరల్ మిక్స్చర్, చెక్క మోతాదు పెంచడం... ఏదీ పనిచేయలేదు.

అసలు సంగతి ఆ ఘాటులోనే ఉంది. పల్లిచెక్క ప్రొటీన్ మొదటి పొట్టలో త్వరగా కరిగి అమ్మోనియా అవుతుంది. సూక్ష్మజీవులు వాడుకోగా మిగిలింది యూరియాగా మారి మూత్రంలో పోతుంది. టానిన్లు, అంటే కొన్ని చెట్ల కాయల్లో ఉండే వగరు పదార్థాలు, మొదటి పొట్టలో ప్రొటీన్‌ను కరగకుండా పట్టి ఉంచి, ఆమ్లం ఎక్కువుండే నాలుగో పొట్టలో వదిలేస్తాయి.

ఈ టానిన్లు ఉండే నల్లతుమ్మ కాయలకు మా గట్ల మీద కొదవ లేదు. ముందు వాటిని గలగలలాడేదాకా ఎండబెట్టాను. తర్వాత గింజతో సహా బరకగా దంచాను. చెక్క పొడిలో కలిపి, ముద్ద కట్టకుండా నీళ్లు చిలకరించి, కాసేపు ఆగి పెట్టాను. మొదట ఒక్కో జీవానికి గుప్పెడే, అదీ కొన్నింటికే. రోజూ తొట్టి అడుగు, పెంటికలు చూసుకుంటూ మెల్లగా పెంచాను. మేత మిగిలినా, పెంటికలు మరీ గట్టిపడినా తగ్గించాలి. ముందు ఘాటు తగ్గింది, ఆ తర్వాతే తూకంలో తేడా కనిపించింది.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను. కాయల్లో టానిన్ చెట్టును బట్టి మారుతుంది. మొత్తం మేతలో టానిన్ 5 శాతం దాటితే తిండే తగ్గిపోతుంది. ఉత్త చొప్ప మీద బతికే జీవాలకు మాత్రం ఇది పెట్టకండి, ఉన్న కాస్త ప్రొటీన్ కూడా అందకుండా పోతుంది.