రిపేరు వ్యాపారానికి సరైన పరిశ్రమ కోడ్ ఎలా ఎంచుకోవాలి?

ఫారంలో పేరు, చిరునామా, ఖాతా నంబరు వరకు చకచకా నింపేస్తాం. ఆ తర్వాత ‘వ్యాపార కార్యకలాపం కోడ్’ అనే గడి దగ్గర చేయి ఆగిపోతుంది. వెతికే పెట్టెలో ‘రిపేరు’ అని కొడితే చాంతాడంత జాబితా వచ్చి పడుతుంది. చాలామంది మొదట కనిపించినదాన్ని నొక్కేసి ముందుకెళ్తారు. ఈ కోడ్‌లు గణాంకాల కోసం పుట్టినవే అయినా, అప్పిచ్చేవాళ్లు, బీమా చేసేవాళ్లు కూడా వాటిని చూస్తుంటారు. కాబట్టి ఓ పావుగంట కేటాయిస్తే నష్టం లేదు.

1. ముందు ఏ జాబితానో చూసుకోండి

ప్రపంచంలో ఎక్కువ దేశాల కోడ్‌లకు మూలం ఐక్యరాజ్యసమితి వర్గీకరణ. దాని పేరు ఐఎస్ఐసీ. 1948లో మొదలైంది, ఇప్పటికీ విస్తృతంగా వాడుతున్నది 2008లో అచ్చయిన నాలుగో సవరణ. భారతదేశపు జాతీయ పరిశ్రమల వర్గీకరణ ఎన్ఐసీ-2008లో మొదటి నాలుగు అంకెలు దాని నుంచే వచ్చాయి, ఐదో అంకె మాత్రం సొంతం. అమెరికా, కెనడా, మెక్సికో వాడే నైక్స్ దారి వేరు. అందులో రిపేరు పనులు చాలావరకు 811 అనే ఒకే గొడుగు కింద ఉంటాయి. ఐఎస్ఐసీలో అవి మూడు నాలుగు చోట్ల చెల్లాచెదురుగా ఉంటాయి. అసలు తికమకంతా అక్కడే. కింద చెప్పే నంబర్లన్నీ, వేరే మాట అంటే తప్ప, ఐఎస్ఐసీ నాలుగో సవరణవి.

2. మీ చేతిలో పనిముట్టు కాదు, బల్ల మీద వస్తువు చూడండి

నన్నడిగితే, ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ‘నేను ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌ని’ అనుకుంటూ వెతికితే కోడ్ దొరకదు. మీకు వచ్చిన విద్య ఏదని జాబితా అడగదు. ఏ వస్తువును బాగుచేస్తున్నారని అడుగుతుంది.

ఒకే సోల్డరింగ్ ఐరన్‌తో పనిచేసే మనిషిని ఊహించుకోండి. పొద్దున బల్ల మీదికి ల్యాప్‌టాప్ వచ్చింది. అది 9511. తర్వాత సెల్‌ఫోన్, 9512. మధ్యాహ్నం టీవీ, 9521. వాషింగ్ మెషీన్ బోర్డు వస్తే 9522. సాయంత్రం ఆసుపత్రి ఈసీజీ యంత్రం వచ్చిందంటే ఏకంగా 3313. అదే మనిషి, అదే టంకం, అదే పొగ. అయినా ఐదు కోడ్‌లు. పైగా చివరిది సేవల విభాగంలో కాదు, తయారీ పరిశ్రమల విభాగంలో ఉంటుంది!

దీని వెనక ఉన్న లెక్క సులువే. ఇంట్లో, సొంతానికి వాడే వస్తువులు, వాటితోపాటు కంప్యూటర్లు, ఫోన్లు 95వ డివిజన్‌లోకి, అంటే 95తో మొదలయ్యే కోడ్‌లలోకి వెళ్తాయి. ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, విద్యుత్ సంస్థలు వాడే యంత్రాలు 33లోకి. ఫ్యాక్టరీ యంత్రాలైతే 3312, ట్రాన్స్‌ఫార్మర్లు, పెద్ద మోటార్లయితే 3314. చేపల వలలు బాగుచేసేవాళ్లకూ అక్కడే చోటుంది, 3319లో.

బండ్ల సంగతి విడిగా చెప్పాలి. కారు, లారీ రిపేరు 4520. మోటార్ సైకిల్ 4540. సైకిల్ మాత్రం వీటి పక్కన ఉండదు, వాచీలు, సంగీత వాయిద్యాలతో కలిసి 9529లో ఉంటుంది. రైలు పెట్టె, ఓడ, విమానం 3315.

3. ‘రిపేరు’ హద్దు దాటారేమో గమనించండి

కారు టైరుకు పంక్చర్ వేయడం 4520 కిందికి వస్తుంది. అరిగిన టైరుకు కొత్త రబ్బరు ఎక్కించి రీట్రేడింగ్ చేస్తే అది 2211, అంటే టైర్ల తయారీ. వస్తువును విప్పి దాదాపు కొత్తదిగా మార్చి ఇచ్చే పని రిపేరు కాదు, తయారీ అన్నమాట. అలాగే భవనంలో వైరింగ్ పని 4321, ప్లంబింగ్ 4322. ఇవి నిర్మాణ రంగంలోవి. గది ఏసీ బాగుచేయడం 9522 అయితే, భవనమంతటికీ ఏసీ వ్యవస్థ బిగించడం 4322.

4. నాలుగు రకాల పనులుంటే లెక్క వేయండి

‘ఏ పనికి ఎక్కువ డబ్బు వస్తే ఆ కోడ్’ అని అందరూ చెబుతారు. అది సగమే నిజం. చూడాల్సింది అమ్మకాల మొత్తం కాదు, అదనపు విలువ. అంటే రాబడిలోంచి కొన్న సరుకు, విడిభాగాలు, బయటి సేవల ఖర్చు తీసేశాక మిగిలేది. కొత్త ఫోను అమ్మితే పెద్ద మొత్తం చేతులు మారుతుంది కానీ మనకు మిగిలేది కొంతే.

రెండో మెలిక ఇంకా ముఖ్యం. లెక్క పైనుంచి కిందికి వెయ్యాలి. ఉదాహరణకు ఒక షాపు అదనపు విలువలో ఫోన్ల అమ్మకం 40 శాతం, ఫోన్ రిపేరు 25, టీవీ రిపేరు 20, కంప్యూటర్ రిపేరు 15 అనుకుందాం. విడివిడిగా చూస్తే అమ్మకానిదే పైచేయి. కానీ ముందు పెద్ద విభాగాలను పోల్చాలి. వ్యాపార విభాగానికి 40, సేవల విభాగానికి 60. అమ్మకం అక్కడే తప్పుకుంది. ఇక 95లోపల 951కి (ఫోన్, కంప్యూటర్ రిపేరు) 25, 15 కలిపి 40, 952కి (టీవీ రిపేరు) 20. 951లో ఫోన్లదే ఎక్కువ. కాబట్టి ప్రధాన కోడ్ 9512. రెండో కోడ్‌కు ఫారంలో చోటుంటే అమ్మకానికి 4741 రాయండి.

5. వివరణ చదవకుండా నొక్కొద్దు

ప్రతి కోడ్ కింద ఏవి వస్తాయో, ఏవి రావో రాసి ఉంటుంది. రెండోది తప్పకుండా చదవండి. ‘ఇది ఇక్కడ కాదు, ఫలానా కోడ్‌లో చూడండి’ అని దారి చూపేది అదే. ‘ఇతర’ అని ఉన్న కోడ్‌ల జోలికి చివర్లోనే వెళ్లాలి.

6. ఏ సవరణో రాసిపెట్టుకోండి

2023లో ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ ఐదో సవరణను ఆమోదించింది. అందులో పాత 45వ డివిజన్ లేదు. కార్లు, మోటార్ సైకిళ్ల రిపేరును 95లోకి మార్చేశారు. యూరప్ వాడే నేస్ కొత్త రూపంలోనూ అంతే. మీ పాత కాగితం మీద 4520 ఉండి, కొత్త ఫారం దాన్ని ఒప్పుకోకపోతే కంగారు పడకండి. పాత నంబరుకు కొత్త నంబరు చూపే పోలిక పట్టికలు ఉంటాయి. అందులో మీ వరుస వెతికి, కొత్త కోడ్ కింది వివరణను ఇంకోసారి చదివి నింపండి.