సరుకుల పడవ ఎక్కే ముందు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాది పప్పుల కొట్టు. తుపాను పోయిన మర్నాడే కుర్రాళ్ళ ఫోన్లు మొదలవుతాయి, "అన్నా, ఇరకం దీవికి సరుకులు తీసుకుపోదాం, మేమూ వస్తాం" అని. ఇరకం అంటే తడ దగ్గర పులికాట్ సరస్సులో ఉన్న దీవి. రండి. కాకపోతే ముందు ఒక లెక్క వినండి. ఒక కుటుంబానికి బియ్యం పది కిలోలు, కందిపప్పు రెండు, నూనె లీటరు, ఉప్పు, కారం, చింతపండు, ఎర్రగడ్డలు కలిపి కడితే మూట పదిహేను కిలోలు తూగుతుంది. అరవై కిలోల మనిషి పడవెక్కితే నాలుగు కుటుంబాల మూటలు రేవులో ఆగిపోతాయి. అందుకే పడవకు ఇద్దరు, మహా అయితే ముగ్గురు. మిగతావాళ్ళకు ఒడ్డున చేతినిండా పని ఉంటుంది. ఫోటోల కోసం వచ్చేవాళ్ళను నేనైతే తడ దాకా కూడా రానివ్వను.

తడ, సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. మా నోటికి మాత్రం అవి ఇంకా నెల్లూరు జిల్లానే. ఆ అలవాటులో నెల్లూరు కలెక్టరేటుకు ఫోన్ చేస్తే పని కాదు. తడ తహసీల్దారు ఆఫీసులో చెప్పి బయల్దేరాలి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు ఏ జిల్లాలోనైనా 1077. దీవిలో ఉన్న అంగన్‌వాడీ టీచరుతోనో ఆశా వర్కరుతోనో మాట్లాడి ఏం కావాలో అడగండి. బియ్యం ముందే చేరిపోయి, పసిపిల్లల పాలపొడి, షుగరు మాత్రలు, దోమల చుట్టలు లేక అల్లాడుతూ ఉండొచ్చు. పాత బట్టలు మాత్రం వద్దు. తడిసిన ఇంట్లో వాటిని ఆరేసుకునే చోటు కూడా ఉండదు.

తుపాను తీరం దాటిందని టీవీలో చెప్పగానే పరిగెత్తకండి. 2023 డిసెంబరులో మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటింది, వానలు మాత్రం నెల్లూరు వైపు దంచి కొట్టాయి. కృష్ణపట్నం పోర్టులో ప్రమాద సూచిక దించారా లేదా కనుక్కోండి. ఆపైన ఇరకానికి పడవ ఎక్కే భీములవారిపాలెం రేవులో పడవ నడిపే పెద్దాయన మాటే మాట. ఆయన "ఈపూట వద్దు నాయనా" అంటే లారీని సూళ్లూరుపేటలో నిలుపుకుని టీ తాగండి. బతిమాలడం, ఇంకో రెండొందలు ఇస్తామనడం వద్దు.

మూట కట్టడం నాకు తెలిసిన విద్య కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను. గోతం ఒక్కటే చాలదు. పడవ అడుగున ఎప్పుడూ నాలుగు వేళ్ళ నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. గోతం లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేయండి. సరుకు నింపాక గాలి పోయేలా ఒత్తి, సంచి మూతిని తాడులా మెలితిప్పి, వెనక్కి మడిచి, ఆ మడత మీద పురికొసతో గట్టిగా రెండు చుట్లు కట్టాలి. అప్పుడు మూట తిరగబడినా నీళ్ళు లోపలికి పోవు. రబ్బరు బ్యాండు నమ్మొద్దు. అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టండి. నూనె ప్యాకెట్లు బియ్యంతో కలపకుండా అట్టపెట్టెలో విడిగా నిలబెట్టండి, ఒక్కటి చిల్లుపడితే పది కిలోలు పాడు. వండిన తిండి పంపాలంటే పులిహోరే. పెరుగన్నం ఆ ఉక్కకు మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

తాగునీళ్ళ క్యాన్లు మోయగలిగినన్ని తీసుకెళ్ళండి. పులికాట్ నీళ్ళు ఉప్పనివి, చుట్టూ అంత నీరున్నా గొంతులోకి దిగదు. క్లోరిన్ మాత్రలు ఇస్తే బిందెకు ఎన్ని వేయాలో, ఎంతసేపు ఆగాలో ప్యాకెట్ చూసి నోటితో చెప్పండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ కూడా అంతే, పొడి మొత్తం దానిమీద రాసినన్ని నీళ్ళలో కలపాలి. సగం పొడి గ్లాసులో కలుపుకోవడం కుదరదు.

పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది కాబట్టి తెల్లవారగానే బయల్దేరాలి. బరువు పడవ నడుమన, అడుగున పేర్చాలి. మీరు ఎక్కేటప్పుడు అంచు మీద కాలు వేయకుండా నడుమకు వేయండి, వేసిన వెంటనే కూర్చోండి. సరస్సు సగటు లోతు మీటరే కదా అని లైఫ్ జాకెట్ విప్పేసే హీరోలు ఉంటారు. కింద బురద, పైన వలలు, బోర్లా పడ్డ మనిషికి మీటరు చాలు. వల మోటారుకు చుట్టుకుంటే మోటారు పైకెత్తి గెడతో తోస్తారు. అప్పుడు సాయం చేద్దామని అందరూ ఒక పక్కకు లేవకండి. ఫోన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.

దీవిలో దిగగానే మూటలు విప్పి చేతికందిన వాళ్ళకు ఇచ్చేయడం మొదలుపెట్టొద్దు, తోపులాటలో ముసలివాళ్ళు వెనకబడతారు. ఊరి పెద్దల దగ్గర ఇళ్ళ లెక్క ఉంటుంది, ఆ వరసలోనే ఇవ్వండి. శానిటరీ ప్యాడ్ల మూట ఆశా అక్క చేతికి నేరుగా ఇచ్చేయండి. కొందరు తమిళం మాట్లాడతారు, తెలుగూ అర్థమవుతుంది, టెన్షన్ అక్కర్లేదు. మందుల చీటీలు ఎవరైనా ఇస్తే ఫోటో తీసుకుని, పేరు, ఇల్లు రాసుకోండి. తర్వాతి పడవలో అవి మొదట ఎక్కాలి.

ఖాళీ క్యాన్లు, ప్లాస్టిక్ అంతా వెనక్కి తెచ్చేయండి. పడవ బాడుగ, ఇంధనం డబ్బులు రేవులోనే చేతిలో పెట్టండి. సేవే కదా అని ఆయన వద్దన్నా ఇవ్వండి. వేట లేని రోజుల్లో ఆయన ఇంట్లోనూ పొయ్యి వెలగాలి.