కథాక్రీడ నేర్చుకుందాం – నాలుగవ పాఠం: పాచిక ఎప్పుడు వేయించాలి?

ఒక్కొక్కరూ ఒక పాత్రను ధరించి, మాటలతో కథ నడిపే ఆట కథాక్రీడ. గత పాఠంలో మన అభ్యాస కథను కృష్ణానది ఒడ్డున ఆపాము. ప్రకాశం బ్యారేజీ ఇంకా లేని, మంత్రాలు నిజంగా పనిచేసే ఒక పాతకాలపు లోకంలో, ఇంద్రకీలాద్రి పాదం దగ్గర పడవ ఎక్కిన అయిదు పాత్రలు చీకటి పడ్డాక ఆవలి ఒడ్డుకు చేరి ఉండవల్లి గుహల ముందు నిలబడ్డాయి. పాత్రలను తయారుచేసుకోవడం రెండవ పాఠంలోనూ, సన్నివేశాన్ని నాలుగు వాక్యాలలో పరచడం మూడవ పాఠంలోనూ చూశాము కనుక, ఈసారి గేమ్ మాస్టర్‌గా కూర్చున్నవారికి, అంటే కథ చెబుతూ ఆట నడిపేవారికి, ఆట జరిగినంతసేపూ ఎదురయ్యే ప్రశ్నను తీసుకుందాం. ఆటగాడు “నేను ఈ కొండరాయి పట్టుకుని పై అంతస్తుకు ఎక్కుతాను” అన్నాడు. పాచిక వేయించాలా, అక్కరలేదా?

కొత్తగా ఆట నడిపేవారు పాచికను అవసరానికి మించి వేయిస్తారని నా అనుభవం. సత్యనారాయణపురంలో మా ఇంటి మేడ మీద నేను మొదటిసారి ఆట నడిపిన సాయంత్రం జరిగినది చెబితే ఈ పాఠం ఎందుకు అవసరమో తెలుస్తుంది. ఆ రోజు కథ కొండపల్లి కోటలో నడుస్తున్నది. తాళం వేసిన ఒక గదిలో రాగిరేకు ఉన్నది. దాని మీద చెక్కిన మాటలు చదివితే తప్ప కథ ముందుకు సాగదు. మా అక్క కూతురి పాత్ర తాళాలు తీయడంలో ఆరితేరినది. ఆ పాప పాచిక వేసింది, 4 పడింది, తాళం తెరుచుకోలేదని నేను చెప్పాను. వెంటనే మా బావగారు “అయితే నేను చూస్తాను” అన్నారు. ఆయన తరువాత అక్క, అక్క తరువాత మేనల్లుడు, చివరకు మా మేనత్త కూడా వేశారు. ఎవరికీ తెరుచుకోలేదు. ఏమి చేయాలో తోచక, కోటలో దీపాలు వెలిగించే ముసలివాడు ఒకడు తాళంచెవి పట్టుకుని అటుగా వచ్చినట్టు చెప్పి తలుపు తెరిపించాను. అప్పుడు పాప అడిగింది: “పిన్నీ, ఆ తాతను ముందే పంపించవచ్చు కదా, మరి నేను ఎందుకు వేసినట్టు?”

దానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తరువాత కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. ఆ లెక్కను మీరు కూడా ఒకసారి స్వయంగా చేయండి.

మనం వాడుతున్న పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది: ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు పాత్ర బోనస్ (ఆ పనిలో దాని నేర్పుకు ఇచ్చిన అంకె) కలిపితే, గేమ్ మాస్టర్ నిర్ణయించిన లక్ష్యపు అంకెకు సమానం కావాలి, లేదా దానిని దాటాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ప్రసిద్ధ కథాక్రీడ 2014 నాటి అయిదవ ఎడిషన్ ఈ లక్ష్యాలకు 5 చాలా తేలిక, 10 తేలిక, 15 మధ్యరకం, 20 కష్టం, 25 చాలా కష్టం, 30 దాదాపు అసాధ్యం అని పేర్లు పెట్టింది. ఆనాటి మా తాళం మధ్యరకానిది, అంటే 15. పాపకు బోనస్ 5 కనుక 10 లేదా అంతకు మించి పడాలి. అలా పడే అవకాశం నూటికి 55. మిగిలిన నలుగురికీ బోనస్ లేదు కనుక ఒక్కొక్కరికి నూటికి 30 మాత్రమే. అయినా అయిదుగురూ వరుసగా ప్రయత్నిస్తే కనీసం ఒక్కరికైనా తలుపు తెరుచుకునే అవకాశం నూటికి దాదాపు 89కి చేరుతుంది. మాకు ఎదురైనది మిగిలిన ఆ 11. అప్పుడు కథ ఆగిపోయింది. ఒకవేళ ఆ 89లోనే పడి, జీవితంలో తాళం ముట్టుకోని మేనత్త పాత్ర చేతిలో అది తెరుచుకుని ఉంటే, పాప ఎంతో ఇష్టపడి ఎంచుకున్న నేర్పుకు విలువ లేకుండా పోయేది. ఎటు పడినా నష్టమే జరిగేటట్టు నేను ఆ పాచికను వేయించాను; తప్పు పాచికది కాదు, ప్రశ్న అడిగిన తీరుది.

కనుక పాచిక చేతికి ఇవ్వకముందు గేమ్ మాస్టర్ తనను తాను రెండు సంగతులు అడగాలి. ఈ పని అవుతుందా కాదా అన్నది నిజంగా సందేహమేనా? కాకపోతే కథలో ఏమి జరుగుతుంది? మొదటిదానికి “సందేహం లేదు” అని తోస్తే పాచిక అక్కరలేదు. పడవ నడిపే సరంగు పాత్ర ప్రశాంతంగా ఉన్న నదిలో పడవ నడపడానికి, వైద్యురాలి పాత్ర గాయానికి కట్టు కట్టడానికి పాచిక వేయిస్తే, వారి వృత్తినే వారికి తెలియనిదిగా చేసినట్టు. “తేలిక” అన్న పేరు చూసి ఇక్కడ మోసపోవద్దు: బోనస్ లేని పాత్ర 10 లక్ష్యాన్ని అందుకునే అవకాశం నూటికి 55 మాత్రమే. అంటే తేలిక పనులకు కూడా పాచిక వేయిస్తే, వీరులని మనం చెప్పిన మనుషులు రెండింట ఒకసారి దాదాపుగా తడబడుతూ ఉంటారు.

రెండవ ప్రశ్న ఇంకా ముఖ్యమైనది, నేను ఎక్కువగా పట్టుబట్టేది కూడా దాని మీదనే. “ఏమీ జరగదు” అన్నది జవాబు కాదు. ఓడితే ఏమవుతుందో ఒక వాక్యంలో చెప్పలేకపోతే పాచిక వేయించవద్దు. చెప్పగలిగితే, వేయకముందే ఆటగాడికి వినిపించేటట్టు పైకి చెప్పండి. ఉండవల్లి గుహల దగ్గర మన సన్నివేశాన్ని తీసుకుందాం. ఆ గుహాలయం కొండను తొలిచి కట్టిన నాలుగు అంతస్తులది. లోపల శేషశయనుడైన అనంతపద్మనాభుని పెద్ద విగ్రహం ఉన్నది. మన కథలో పాత్రలు వెతుకుతున్న దీపం ఆ విగ్రహం ఉన్న మంటపంలో వెలుగుతున్నది, కింది అంతస్తులో కావలివాళ్లు ఉన్నారు. కొండరాయి పట్టుకుని పైకి ఎక్కుతాను అన్న ఆటగాడితో “ఎక్కలేకపోతావు” అనకుండా, “ఎలాగూ పైకి చేరతావు, కానీ పాచిక సరిగ్గా పడకపోతే కాలి కింద రాయి ఊడి కావలివాళ్ల ముందు పడుతుంది, ఎక్కుతావా?” అని అడగండి. ఇప్పుడు ఆటగాడికి తాను దేనిని పణంగా పెడుతున్నాడో తెలుసు. మనసు మార్చుకుని మెట్ల దారిన వెళ్లవచ్చు. ఎక్కితే మాత్రం పాచిక దొర్లుతున్నప్పుడు అందరి చూపూ దాని మీదనే ఉంటుంది.

ఓటమికి వెల ఎక్కడి నుంచి తెచ్చుకోవాలని అడగవచ్చు. దెబ్బ తగలడం అందరికీ తోచేదే గాని అది అన్నిటికంటె నీరసమైన వెల. కాలం తీసుకోండి: తాళం తెరుచుకున్నది, కానీ తూర్పున వెలుగు వచ్చింది, పడవవాడు ఇక ఆగడు. వెలుగు తీసుకోండి: దివిటీ ఆరిపోయింది, ఇక చీకటిలో తడుముకోవాలి. చప్పుడు, తడిసిపోయిన తాళపత్రం, విరిగిపోయిన పనిముట్టు, మాట తప్పినందుకు పోయిన నమ్మకం, ఇవన్నీ వెలలే. వీటన్నిటిలోనూ కథ ముందుకే సాగుతున్నది, దారి మాత్రం మారింది. నేను ఆ రోజు పాపకు “తాళం తీయగలవు, కానీ పాచిక తప్పితే నీ సన్నని ఇనుప కడ్డీ లోపలే విరిగిపోతుంది, కోటలో మిగిలిన తలుపులకు వేరే దారి చూసుకోవాలి” అని చెప్పి ఉంటే 4 పడినా కథ నడిచేది, పాప ప్రశ్నకు జవాబు కూడా ఉండేది.

ఒకరు ఓడిన పనిని వెంటనే మరొకరు మళ్లీ ప్రయత్నించడాన్ని అనుమతించకండి. దానికి బదులు సాయం చేయనివ్వండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒకరు సాయం చేస్తే, పని చేసేవారు రెండు పాచికలు వేసి పెద్ద అంకెను తీసుకుంటారు. పాప తాళం తీస్తుంటే బావగారి పాత్ర దివిటీ పట్టుకుని నిలబడినా చాలు, ఆమె అవకాశం 55 నుంచి దాదాపు 80కి పెరుగుతుంది. నేర్పు ఉన్నవారి చేతిలోనే పని ఉంటుంది, పక్కవారికీ వాటా ఉంటుంది, ఫలితం ఒక్కసారితోనే తేలిపోతుంది.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు ఒకటి ఉన్నది: ఒకే పనిని ముక్కలుగా కోసి ప్రతి ముక్కకూ పాచిక వేయించడం. కొండ ఎక్కడానికి నూటికి 70 అవకాశం ఉన్న పాత్రను మొదట ఒకసారి, సగంలో ఒకసారి, చివర ఒకసారి వేయమంటే, మూడూ గెలిచే అవకాశం 34కి పడిపోతుంది. మీరు కష్టం పెంచాలని అనుకోలేదు, ఉత్కంఠ పెంచాలని అనుకున్నారు, కానీ లెక్క మీ ఉద్దేశాన్ని పట్టించుకోదు. గుంపుగా నక్కి వెళ్లేటప్పుడు ఇది మరీ ఘోరంగా ఉంటుంది. ఒక్కొక్కరికి 70 చొప్పున ఉన్న అయిదుగురూ తప్పకుండా గెలవాలంటే అవకాశం 17 కూడా ఉండదు. నక్కి వెళ్లడం అన్నది ఆ బల్ల దగ్గర ఎన్నడూ జరగదు. దీనికి అయిదవ ఎడిషన్‌లో చక్కని పరిష్కారం ఉన్నది: గుంపులో సగం మంది లేదా అంతకంటె ఎక్కువమంది గెలిస్తే గుంపు మొత్తం గెలిచినట్టే. అప్పుడు అదే అయిదుగురికి అవకాశం 83 దాటుతుంది. ఒక్క నియమం మార్పుతో 17 నుంచి 83! ఓడిన ఇద్దరిని గెలిచిన ముగ్గురు చేయి పట్టి దాటించారని కథలో చెప్పండి. కుటుంబంతో ఆడేటప్పుడు నాకు ఈ నియమం మీద ప్రత్యేకమైన అభిమానం.

పాచిక ఎంతవరకు, విచక్షణ ఎంతవరకు అన్న వాదం ఈ ఆటకంటె పాతది. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి 1824లో ప్రచురించిన యుద్ధక్రీడలో మధ్యవర్తి పాచికలు వేసి, పట్టికలు చూసి నష్టాలను తేల్చేవాడు. అది మరీ నెమ్మదిగా సాగుతున్నదని భావించిన వెర్డీ అనే మరొక అధికారి, అనుభవం ఉన్న మధ్యవర్తి తన తీర్పుతోనే తేల్చవచ్చునని 1876లో ప్రతిపాదించాడు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా బల్ల మీద ఆడే యుద్ధక్రీడల నుంచి పుట్టినదే కనుక, ఆ రెండు దారులూ మన చేతికి వచ్చాయి. ఏ సమయంలో ఏ దారి పట్టాలన్నదే గేమ్ మాస్టర్ నేర్చుకోవలసిన విద్య.

మాటలతో సాగే సన్నివేశాలలో నేను తీర్పు వైపే మొగ్గుతాను, ఒక మినహాయింపుతో. మా మేనత్త బీసెంట్ రోడ్డులో చీరల బేరం చేసినంత నేర్పుగా పడవవాడితో మాట్లాడి, వాడి కూతురి పెళ్లి సంగతి కూడా కదిపి ఒప్పించినప్పుడు, ఆ మాటల తరువాత పాచిక వేయించడం అన్యాయమని తోచి వేయించలేదు. కానీ మా బావగారు మితభాషి. ఆయన పాత్ర మాత్రం మాటకారి అయిన రాయబారి. ఆయనను కూడా అలాగే మాట్లాడి మెప్పించమంటే ఆ పాత్రను ఆయన చేతి నుంచి లాగుకున్నట్టు. “ఏమి అడుగుతారు, దేనిని ఆశ చూపుతారు, అది చెప్పండి చాలు” అని అడిగి, పాచికనూ బోనస్‌నూ మాట్లాడనివ్వాలి. కండబలం లేని మనిషి మల్లుడి పాత్ర వేస్తే బండరాయి ఎత్తి చూపించమనము కదా.

ఇరవై ముఖాల పాచిక ఇంకా దొరకనివారు తంబోలా పెట్టెలోని 1 నుంచి 20 వరకు అంకెలను ఒక గుడ్డసంచిలో వేసి తీయండి. తీసిన అంకెను ప్రతిసారీ తిరిగి సంచిలో వేయకపోతే పై లెక్కలేవీ నిలవవు.

ఇక ఈ వారపు అభ్యాసం. మన అయిదు పాత్రలు గుహల ముందు ఉన్నాయి. సరంగు, పడవను రెల్లు దుబ్బుల వెనక దాచి వస్తానంటున్నాడు. వైద్యురాలు, కావలివాళ్ల కుండలో నిద్రమందు కలుపుతానంటున్నది. అందరూ కలిసి మొదటి అంతస్తు దాటాలనుకుంటున్నారు. ఈ మూడు పనులలో దేనికి పాచిక వేయిస్తారో, వేయించేదానికి లక్ష్యం ఎంత పెడతారో, ఓడితే ఏమి జరుగుతుందో ఒక్కొక్క వాక్యంలో నోటు పుస్తకంలో రాసుకోండి. మూడింటిలో ఒకదానికి పాచిక అక్కరలేదని నేను అనుకుంటున్నాను. అది ఏదో, ఎందుకో అయిదవ పాఠం మొదట్లో చూసి, అక్కడి నుంచి పాత్రలను మంటపంలోకి తీసుకువెళదాం.