గాలం పాఠాలు – 4: గడ్డి రొయ్య ఎర

కిందటి పాఠంలో బెండు ఎంత లోతున కట్టాలో నేర్చుకున్నాం. ఈసారి ఎర సంగతి. వానపాము ఎక్కడైనా పనికొస్తుంది, కాదనను. అయితే అమెరికాలోని ఫ్లోరిడా సరస్సుల్లో, అక్కడి సెయింట్ జాన్స్ నదిలో బ్లూగిల్, రెడ్‌ఇయర్, క్రాపీ లాంటి పాన్‌ఫిష్‌కు, అంటే పెనంలో పట్టేంత చిన్న చేపలకు, గడ్డి రొయ్య రోజూ దొరికే తిండి. అలవాటైన తిండి కనబడితే చేప అనుమానపడదు. అందుకే నా మొదటి ఓటు దీనికే.

ఈ రొయ్య పొడవు ఒకటిన్నర అంగుళం, పెద్దదైతే రెండు. ఒళ్లంతా గాజులా ఉంటుంది, లోపలి పేగు కూడా కనబడుతుంది. శాస్త్రీయ నామం పాలెమాన్ పలుడోసస్. ఉప్పునీటి అవసరం లేకుండా బతుకంతా మంచినీటిలోనే గడుపుతుంది. నీటిమొక్కల మీద పేరుకున్న నాచునీ కుళ్లిన ఆకునీ తింటుంది కాబట్టి నీటిగడ్డి ఒత్తుగా ఉన్నచోటే దొరుకుతుంది. నున్నటి ఇసుక ఒడ్డున వెతకడం దండగ.

పట్టడానికి పొడుగు కర్రకు బిగించిన చేతి వల చాలు. వల కన్ను సన్నగా, దోమతెరకు దగ్గరగా ఉండాలి. మెల్లగా తోస్తే మాత్రం ఒక్కటీ చిక్కదు. బెదిరిన రొయ్య తోకను ఒక్కసారి పొట్ట కిందికి కొట్టుకుని వెనక్కి ఎగురుతుంది, క్షణంలో గడ్డి లోపలికి పోతుంది. వలను గడ్డి అడుగుకు దించి, పైకి ఒకే ఊపులో లేపండి. గడ్డితో సహా ఒడ్డుకు తెచ్చి విదిలిస్తే రొయ్యలు ఎగిరెగిరి పడుతుంటాయి. రాత్రయితే ఇంకా తేలిక. టార్చి వేస్తే వాటి కళ్లు నిప్పురవ్వల్లా మెరుస్తాయి.

ఈ పాఠంలో మీరు గట్టిగా పట్టుకోవలసింది ఇక్కడుంది. వల వేసిన ప్రతిచోటా ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకోండి. నేను చాలాకాలం ఒకచోట రొయ్యలు పట్టుకుని, చేపల కోసం పడవలో ఇంకోచోటికి పోయేవాణ్ణి. ఒకరోజు ఓపిక లేక, వలనిండా రొయ్యలు పడిన ఆ గడ్డి అంచునే గాలం వేశాను. పొద్దెక్కేలోపు బుట్ట బరువెక్కింది. ఆలోచిస్తే సహజమే: తిండి ఉన్నచోటే తినేవాడు కాచుకుని ఉంటాడు. ఒక ఊపుకు ఇరవై పడిన మూలకూ రెండే పడిన మూలకూ తేడా మీకు ఏ యంత్రమూ చెప్పనంత స్పష్టంగా వల చెబుతుంది.

బతికించుకోవడంలోనే చాలామంది నష్టపోతారు. బకెట్ నీళ్లలో వందల రొయ్యలు వేసి ఎండలో పెడితే నీటిలోని ఆక్సిజన్ అయిపోతుంది, గంట తిరక్కుండా తెల్లబడి చస్తాయి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, పైగా వేడికి రొయ్యకు ఆక్సిజన్ అవసరమూ పెరుగుతుంది. అందుకని నీళ్లే వద్దు. మూత ఉన్న పెట్టెలో అడుగున ఐసు, దానిమీద తడి కాగితాల మందపాటి పొర, పైన పలచగా రొయ్యలు, మళ్లీ ఒక తడి కాగితం. మొప్పలు తడిగా ఉన్నంతసేపూ అవి ఊపిరి తీసుకోగలవు, చల్లదనానికి కదలక పడి ఉంటాయి. ఐసు కరిగిన నీటిలో మాత్రం మునగనివ్వకండి. చచ్చినవాటిని పారేయక్కర్లేదు. బ్లూగిల్ వాటినీ తింటుంది.

గాలం 8 లేదా 10 నంబరు, సన్నటి తీగది, కాడ పొడుగ్గా ఉన్నది తీసుకోండి. బ్లూగిల్ నోరు చిన్నది, పొట్టి గాలం మింగేస్తే తీయడం కష్టం. దారం 4 పౌండ్ల బరువు తట్టుకునేది చాలు. గాలానికి జానెడు పైన ఒక్క చిన్న సీసపు గుండు నొక్కండి, అంతకు మించి బరువు వద్దు. రొయ్య ఈదుతున్నట్టు కనబడాలంటే అది తేలిగ్గా దిగాలి. గుచ్చేది తోక దగ్గర, ఒక్క పోటు. తలలో ముదురుగా కనబడే చోట గుండె, జీర్ణాశయం ఉంటాయి. అక్కడ గుచ్చితే వెంటనే చస్తుంది. చిన్న చేపలు కొరికి ఎర దోచుకుపోతుంటే మాత్రం తోకనుంచి ఒంటి పొడవునా ఎక్కించండి. కదలిక పోయినా ఎర నిలుస్తుంది.

రెడ్‌ఇయర్ కోసమైతే ఎర నేలకు దగ్గరగా దించాలి. అది నత్తల్ని గొంతు పళ్లతో నలిపి తినే చేప, అందుకే అక్కడివాళ్లు షెల్‌క్రాకర్ అంటారు. క్రాపీ తరచు నీటి మధ్యలో వేలాడుతుంది, పైగా దాని కళ్లు పైచూపువి. ఎర దానికంటే కాస్త ఎత్తులో ఉండాలి.

నిబంధనల మాట. ఫ్లోరిడాలో రోజుకు పాన్‌ఫిష్ మొత్తం 50, క్రాపీ విడిగా 25 వరకే పట్టవచ్చు. లైసెన్సు సంగతి ముందే చూసుకోండి. వల మీదా పెట్టెలోనూ చిక్కిన గడ్డిని అక్కడే ఏరేయండి. 1950లలో అక్వేరియం వ్యాపారంతో వచ్చిన హైడ్రిల్లా అనే నీటిమొక్క చిన్న ముక్కనుంచి కూడా మొలిచి సరస్సుల్ని కమ్మేస్తుంది. మిగిలిన రొయ్యల్ని కూడా వేరే నీటిలో వదలకండి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని: ఒకే సరస్సులో నాలుగు గడ్డి అంచులు ఎంచుకుని ఒక్కోచోట ఐదేసి ఊపులు వేయండి. ఎక్కడ ఎన్ని రొయ్యలు, ఎంత లోతు, ఏ గడ్డి అన్నది రాసుకోండి. పాఠం 5లో ఆ కాగితం ముందుపెట్టుకునే పడవ ఎక్కడ నిలపాలో చూద్దాం.