మీ ప్రాంతపు మారథాన్ చరిత్ర, రూట్లు ఎలా రాయాలి?

ఏటా ఒకే పేరుతో, ఇంచుమించు ఒకే నెలలో జరిగే మారథాన్‌ను చూస్తే అది మొదటి నుంచీ ఒకటే పరుగు అనిపిస్తుంది. పదిహేనేళ్లు దాటిన ఏ మారథాన్‌నైనా కాస్త తవ్వి చూడండి, అందులోంచి రెండు మూడు వేర్వేరు పరుగులు బయటపడతాయి. ఒకప్పుడు స్టేడియంలో మొదలైంది ఇప్పుడు చెరువు గట్టు మీద మొదలవుతుంది. మధ్యలో ఓ వంతెన వచ్చి చేరుతుంది. రెండు చుట్లు తిరిగే రూటు కాస్తా ఒకే పొడవాటి చుట్టుగా మారిపోతుంది. పేరు మాత్రం అదే.

అందుకే ఇలాంటి చరిత్రను విజేతల పట్టికతో మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. చాలామంది అక్కడే మొదలుపెడతారు, ఎందుకంటే అది సులువుగా దొరుకుతుంది. ముందు రూటు తేలాలి. ఎవరు ఎంతసేపట్లో పరిగెత్తారన్నది ఆ తర్వాతి సంగతి.

పెద్ద అర్హతలేమీ అక్కర్లేదు. రన్నింగ్ క్లబ్ సభ్యులైనా, రేసులో వాలంటీర్లుగా పనిచేసినవారైనా, చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారైనా చేయొచ్చు. ఒక స్ప్రెడ్‌షీట్, ఒక మ్యాపు, బోలెడంత ఓపిక ఉంటే చాలు.

1. ముందు ఏళ్ల పట్టిక వేయండి

స్ప్రెడ్‌షీట్‌లో ఏడాదికో వరుస కేటాయించండి. రేసు జరగని ఏడాదికి కూడా వరుస ఉండాలి, ఎందుకు జరగలేదో అందులో రాయాలి. తేదీ, ఆ ఏటి అధికారిక పేరు, స్పాన్సర్, స్టార్ట్, ఫినిష్, ఏయే దూరాలు నడిపారు, ఈ వివరం ఎక్కడ దొరికింది అన్నవాటికి నిలువు గడులు పెట్టండి. చివరి గడిని బద్ధకించి వదిలేస్తే ఆరు నెలల తర్వాత మీ పట్టికను మీరే నమ్మలేరు.

'ఎన్నో ఎడిషన్' అన్న లెక్క దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. బోస్టన్ మారథాన్ 1897లో మొదలైంది. 1918లో యుద్ధం వల్ల మామూలు పరుగుకు బదులు సైనిక జట్ల రిలే పెట్టారు. 2020లో కోవిడ్ వల్ల ఎవరి ఊళ్లో వాళ్లు పరిగెత్తే వర్చువల్ రేసే జరిగింది. ఆ రెండింటినీ కలుపుకుని 2021 పరుగును 125వది అన్నారు. న్యూయార్క్ వాళ్ల పద్ధతి వేరు. 1970లో మొదలైన వాళ్ల మారథాన్ 2012లో శాండీ తుపాను వల్ల, 2020లో కోవిడ్ వల్ల జరగలేదు. ఆ రెండేళ్లనూ తీసేసి 2021ని 50వ పరుగుగా జరుపుకున్నారు. ఏది సరైన లెక్క అని తీర్పు చెప్పే పని మనది కాదు. నిర్వాహకులు చెప్పే సంఖ్యను అలాగే రాసి, నిజంగా రోడ్డు మీద జరిగిన పరుగులెన్నో పక్క గడిలో వేయండి.

ఇంకో మాట. పేరులో మారథాన్ అని ఉన్నంత మాత్రాన ఆ ఏడు 42.195 కిలోమీటర్ల పరుగు జరిగిందనుకోకండి. 10 కిలోమీటర్లతోనో, హాఫ్ మారథాన్‌తోనో మొదలై, కొన్నేళ్లకు ఫుల్ పెట్టిన రేసులు చాలా ఉన్నాయి. ఫుల్ మొదటిసారి ఎప్పుడు నడిచిందో వేరుగా గుర్తించండి.

2. రేసు మర్నాటి పేపరు కంటే ముందు రోజు పేపరు ముఖ్యం

మర్నాటి వార్తలో విజేతల పేర్లు, జెండా ఊపిన ముఖ్య అతిథి, మూడు ఫొటోలు ఉంటాయి. రూటు ఉండదు. ముందు రోజు పేపర్లో మాత్రం ట్రాఫిక్ పోలీసుల ప్రకటన ఉంటుంది. ఏ రోడ్డు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా మూస్తారు, వాహనాలను ఏ కూడలి దగ్గర మళ్లిస్తారు అన్నవన్నీ వరుసగా ఇస్తారు. పాత రూటును తిరిగి గీయడానికి దీన్ని మించిన ఆధారం దొరకదు. లైబ్రరీలో పాత సంచికలు తిరగేసేటప్పుడు రేసు తేదీకి ముందు మూడు రోజులూ చూడండి.

రేసు వెబ్‌సైట్లు ఏటా పాత పేజీలు చెరిపేసి కొత్తవి పెడుతుంటాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ సైటు చిరునామా కొడితే పాత పేజీలు చాలావరకు దొరుకుతాయి. మ్యాపు బొమ్మ ఒక్కోసారి తెరుచుకోదు. అలాంటప్పుడు అదే ఏడాదికి చెందిన వేరే తేదీల కాపీలు ప్రయత్నించండి.

రన్నర్ల ఇళ్లలో ఉన్న సరుకును తేలిగ్గా తీసిపారేయకండి. బిబ్‌లు (రన్నర్లు ఛాతీకి తగిలించుకునే నంబర్లు), మెడల్స్, టీషర్టులు, రేసు కిట్‌లో ఇచ్చిన కరపత్రాలు బయటికి తీయించండి. కొన్ని టీషర్టుల వీపు మీద రూటు మ్యాపే అచ్చువేసి ఉంటుంది. జీపీఎస్ వాచీలు వచ్చాక జరిగిన పరుగులైతే ఎవరి యాప్‌లోనో ఆ ట్రాక్ ఇంకా భద్రంగా ఉండే ఉంటుంది. అడిగితే ఫైలు ఇస్తారు.

పాత నిర్వాహకులతో, మొదటి ఏళ్లలో పరిగెత్తినవాళ్లతో మాట్లాడేటప్పుడు మ్యాపు ముందు పరిచి పెట్టుకోండి. "ఆ ఏడు రూటేంటి సార్?" అని అడిగితే జ్ఞాపకాలు కలగాపులగం అవుతాయి. "ఇక్కడ ఎడమకు తిరిగారా, నేరుగా వెళ్లారా?" అని వేలు పెట్టి చూపిస్తే సమాధానం సూటిగా వస్తుంది. ఏళ్లు, అంకెల విషయంలో మాత్రం మనుషుల జ్ఞాపకం కంటే కాగితాన్నే నమ్మండి. రూటు ఎందుకు మార్చారన్న సంగతి మాత్రం కాగితాల్లో అరుదుగా ఉంటుంది, అది మనుషుల దగ్గరే దొరుకుతుంది.

3. చరిత్రను రూట్లవారీగా విడగొట్టండి

అసలు పని ఇక్కడుంది. దొరికిన వివరాలన్నీ పరిచి, స్టార్ట్ గానీ ఫినిష్ గానీ మారిన చోట, లేదా మధ్యలో ఒకటి రెండు కిలోమీటర్లకు మించి మారిన చోట గీత గీయండి. ఒక్కో ముక్కకు రూట్ ఎ, రూట్ బి అని పేరు పెట్టండి. యూటర్న్ వంద మీటర్లు జరిగిందనో, వన్‌వే వల్ల పక్క వీధిలోకి మళ్లించారనో కొత్త పేరు అక్కర్లేదు. బి1, బి2 అనుకుంటే సరిపోతుంది.

పెద్ద మారథాన్‌లను ఇలా విడగొట్టి చూస్తే కథ ఎంత తేటగా కనిపిస్తుందో చూడండి. బెర్లిన్ పరుగు 1974లో గ్రునెవాల్డ్ అడవి అంచున మొదలైంది. 1981లో పశ్చిమ బెర్లిన్ నగరం నడిబొడ్డుకు వచ్చింది. బెర్లిన్ గోడ కూలాక, 1990 సెప్టెంబర్ 30న, రెండు జర్మనీలు ఒకటి కావడానికి మూడు రోజుల ముందు, రన్నర్లు బ్రాండెన్‌బర్గ్ గేట్ కిందుగా తూర్పు వైపుకు వెళ్లారు. దేశ చరిత్ర రూటు మీద అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది. న్యూయార్క్‌ది మరో కథ. 1970లో 127 మంది సెంట్రల్ పార్కులో చుట్లు తిరగడం మొదలుపెడితే 55 మందే పూర్తిచేశారు. 1976లో నగరంలోని ఐదు బరోలనూ (పెద్ద పాలనా విభాగాలను) కలుపుతూ రూటు వేశారు. నేడు ప్రపంచానికి తెలిసిన న్యూయార్క్ మారథాన్ ఆ ఏడు పుట్టిందనే చెప్పాలి.

అన్ని మార్పుల వెనకా ఇంత పెద్ద కారణాలుండవు. లండన్ మారథాన్ ఫినిష్ 1982 నుంచి వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీద ఉండేది. 1994లో వంతెనకు మరమ్మతులు వచ్చి ఫినిష్‌ను ద మాల్ అనే రోడ్డుకు మార్చారు. ఆ తర్వాత అక్కడే స్థిరపడింది. బోస్టన్‌లో 1986లో ఫినిష్ లైన్ జరగడానికి కారణం ప్రధాన స్పాన్సర్ రావడం. మీ ప్రాంతపు రేసులో కూడా మెట్రో పనులో, కొత్త ఫ్లైఓవరో, పోలీసుల అనుమతో, స్పాన్సర్ ఆఫీసో కారణమై ఉండొచ్చు. కారణం రుజువైతే రాయండి, లేకపోతే మార్పు మాత్రం రాసి ఊరుకోండి.

దిశ మారినా రూటు మారినట్టే. దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న కామ్రేడ్స్ పరుగు పేరుకు మారథానే గానీ దూరం దాదాపు 90 కిలోమీటర్లు. డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ నగరాల మధ్య సాధారణంగా ఒక ఏడు ఎగువకు, మరో ఏడు దిగువకు పరిగెత్తుతారు. రోడ్డు అదే అయినా రికార్డులు రెండు దిశలకూ వేర్వేరుగా ఉంచుతారు.

4. దూరం నిజంగా అంత ఉందా?

1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మారథాన్ దూరం సుమారు 40 కిలోమీటర్లే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు దాకా వేసిన రూటు 26 మైళ్ల 385 గజాలకు వచ్చింది. 1921లో దాన్నే ప్రమాణంగా ఖాయం చేశారు. అదే 42.195. కాబట్టి చాలా పాత రేసైతే దూరం గడి తప్పనిసరి.

కొత్త రేసులకూ ఆ గడి అవసరమే. బోస్టన్ రూటు 1951 నుంచి 1956 దాకా వెయ్యి గజాలకు పైగా తక్కువగా ఉందని తర్వాత తేలింది. అందుకే ఆ ఏళ్ల టైమింగ్‌ల పక్కన ఆ మాట చెప్పాల్సి వస్తుంది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ మారథాన్ 2013, 2014, 2015ల్లో 380 మీటర్లు తక్కువ. బ్రైటన్‌లో 2021లో పొరపాటు రెండో వైపు జరిగి రన్నర్ల చేత 568 మీటర్లు ఎక్కువ పరిగెత్తించారు. పర్సనల్ బెస్ట్ (తమ అత్యుత్తమ టైమింగ్) చేజారినవాళ్ల బాధ చెప్పనక్కర్లేదు.

సరైన కొలత సైకిల్‌తో జరుగుతుంది. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగిస్తారు. స్టీల్ టేపుతో కొలిచిన తిన్నని రోడ్డు మీద సైకిల్ నడిపి, ఎన్ని అంకెలు తిరిగితే ఎంత దూరమో లెక్క కట్టుకుంటారు. ఎండకు టైరులో గాలి వ్యాకోచించి లెక్క మారుతుంది కాబట్టి కొలతకు ముందూ తర్వాతా ఆ పరీక్ష చేస్తారు. మలుపుల దగ్గర అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, రన్నర్ వెళ్లగల అతి దగ్గరి దారిలో తొక్కుతారు. తక్కువ పడకుండా కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. ఇలా కొలిచాక అంతర్జాతీయ అథ్లెటిక్స్ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్, మారథాన్ నిర్వాహకుల అంతర్జాతీయ సంఘం ఎయిమ్స్ (AIMS) ఇచ్చే సర్టిఫికెట్ ఐదేళ్లు చెల్లుతుంది, రూటు మారకపోతేనే. మీ పట్టికలో సర్టిఫికెట్ ఏ రూటుకు, ఏ ఏట వచ్చిందో రాయండి. పాత రూటు కాగితం చూపించి కొత్త రూటును ప్రచారం చేసుకునే సందర్భాలు బయటపడితే ఆశ్చర్యపోకండి.

వాచీలో 42.6 వచ్చింది కాబట్టి రూటు ఎక్కువ ఉందని మాత్రం రాయకండి. ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ తడబడుతుంది, పైగా జనంలో ఎవరూ అతి దగ్గరి దారిలో పరిగెత్తరు.

5. మ్యాపు, ఎత్తుపల్లాలు

ఒక్కో రూటుకు ఒక్కో మ్యాపు గీయండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు మీద గీసి జీపీఎక్స్ (జీపీఎస్ ట్రాక్) ఫైలుగా దాచుకుంటే ఎక్కడైనా తెరవొచ్చు. అన్ని రూట్లనూ ఒకే మ్యాపు మీద రంగులతో వేసే సరదా వద్దు, చూసేవారికి తల తిరుగుతుంది.

ఎత్తుల గ్రాఫ్ దగ్గర జాగ్రత్త. ఉచితంగా దొరికే ఎత్తుల సమాచారంలో ఎక్కువగా వాడేది 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో సేకరించినది. ఆ తర్వాత కట్టిన ఫ్లైఓవర్ అందులో ఉండదు. గుట్టను తొలిచి వేసిన రోడ్డును గుట్ట మీదుగా ఎక్కించేస్తుంది. గ్రాఫ్ చేతిలో పట్టుకుని ఒకసారి రూటంతా సైకిల్ మీద తిరిగి సరిచూసుకోవడం మేలు.

రన్నర్లు ఎత్తులకు, మలుపులకు పెట్టుకున్న ముద్దుపేర్లు కూడా మ్యాపు మీద రాయండి. బోస్టన్‌లో 33వ కిలోమీటరుకు దగ్గరలో వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్‌కు ఆ పేరు 1936 పరుగు నుంచి వచ్చింది. ముందున్న ఎలిసన్ 'టార్జాన్' బ్రౌన్‌ను జాన్ కెల్లీ అందుకుని, దాటుతూ భుజం తట్టాడు. దాంతో బ్రౌన్‌కు పౌరుషం వచ్చి మళ్లీ ముందుకు దూసుకెళ్లి గెలిచాడు. కెల్లీ గుండె అక్కడే పగిలిందని పత్రికా విలేకరి జెర్రీ నేసన్ రాశాడు, పేరు స్థిరపడింది.

6. ఇప్పుడు విజేతలు, రికార్డులు

కోర్స్ రికార్డును, అంటే ఆ దారి మీద నమోదైన అతి వేగవంతమైన టైమును, రూటుకే కట్టండి, రేసు పేరుకు కాదు. రూట్ ఎ రికార్డు ఒకటి, రూట్ బి రికార్డు ఇంకొకటి. రెండింటినీ కలిపి రాస్తే చదునైన రోడ్డు మీద పరిగెత్తినవారికి, గుట్టలెక్కినవారికి ఒకే కొలబద్ద పెట్టినట్టవుతుంది. 2011లో బోస్టన్‌లో జెఫ్రీ ముతాయ్ 2:03:02లో పూర్తిచేశాడు. అప్పటి ప్రపంచ రికార్డు 2:03:59. అయినా ప్రపంచ రికార్డుగా గుర్తించలేదు. స్టార్ట్, ఫినిష్‌ల మధ్య నేరు దూరం రేసు దూరంలో సగానికి మించకూడదు, దిగుడు కిలోమీటరుకు సగటున ఒక మీటరు దాటకూడదు అన్నది నిబంధన. బోస్టన్ రూటు రెండింటికీ ఆగదు.

గన్ టైమా (రేసు మొదలైన క్షణం నుంచి లెక్క), చిప్ టైమా (రన్నర్ స్టార్ట్ లైన్ దాటినప్పటి నుంచి చిప్‌తో లెక్క) అన్నది కూడా రాయాలి. బోస్టన్‌లో చిప్ వచ్చింది 1996లో. అంతకు ముందు వెనక వరుసలో నిల్చున్నవాళ్లు స్టార్ట్ లైన్ చేరేదాకా పోయిన సమయం కూడా లెక్కలోనే ఉండేది.

పట్టికలో లేనివాళ్ల కోసం కూడా వెతకండి. 1966లో బాబీ గిబ్ బోస్టన్‌లో పొదల చాటున దాక్కుని, బిబ్ లేకుండా పరిగెత్తింది. ఆడవాళ్లకు అధికారికంగా ప్రవేశం దొరికింది 1972లో. గిబ్‌ను 1966, 67, 68ల మహిళా విజేతగా నిర్వాహకులు గుర్తించింది 1996లో. మీ రేసులో మహిళల విభాగం, వీల్‌చెయిర్ విభాగం, వయసులవారీ విభాగాలు ఏ ఏట మొదలయ్యాయో, అంతకు ముందు ఎవరైనా పరిగెత్తారో అడిగి చూడండి.

7. రాయడం, తర్వాత చూసుకోవడం

రూటుకో అధ్యాయం పెట్టండి. ముందు మ్యాపు, తర్వాత ఆ రూటు ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది, ఎక్కడ కష్టం, ఆ తర్వాత విజేతలు. ఆధారాలు రెండు ఒకదానితో ఒకటి పొసగకపోతే రెండూ ఇచ్చి, మీరు దేన్ని ఎందుకు నమ్ముతున్నారో ఒక వాక్యంలో చెప్పండి. మామూలు రన్నర్ల పేర్లు, ఫొటోలు వాడేటప్పుడు వాళ్లను అడగండి. అచ్చుకు ముందు ఒక ప్రతి నిర్వాహకులకు, మరో ప్రతి మొదటి ఏళ్లలో పరిగెత్తిన ఒకరికి చూపించండి. ఇద్దరూ వేర్వేరు తప్పులు పడతారు.

ఇక వచ్చే ఏడాది రేసు వారంలో మూడు పనులు చేయండి. ట్రాఫిక్ ప్రకటనను ఫొటో తీసుకోండి, రన్నర్లకిచ్చే గైడ్‌ను దాచుకోండి, రూటు పేజీని అదే రోజు వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయండి. పది నిమిషాల పని.