ఇంట్లో పెంకు పురుగులు – నాలుగో పాఠం: ఎండబెట్టినా మళ్ళీ ఎందుకొచ్చాయి?

ఈసారి కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు గురించి రాయాల్సింది. అది వచ్చే పాఠానికి జరిపాను. పురుగు పట్టిన పప్పుగింజలను ఎండబెట్టమని పోయిన పాఠంలో రాశాను. అది చదివి డాబాల మీద గింజలు పరిచినవాళ్ళ ప్రశ్నలు చూశాక, ఇది తేల్చకుండా ముందుకు పోవడం సరికాదనిపించింది. మన విశాఖలో ఎంవీపీ కాలనీ, గాజువాక, సీతమ్మధార... ఊరంతా ఒకటే మాట. "రెండు రోజులు ఎండలో పెట్టాం, పురుగులన్నీ పాకి పోయాయి, చెరిగి డబ్బాలో పోశాం. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాయి. పైగా బియ్యమంతా నూకైపోయింది."

ముందు నూక సంగతి. ఎండబెట్టమన్నది పెసలు, మినుములు, బొబ్బర్లు, శనగలు లాంటి వాటిని. బియ్యాన్ని కాదు. పొట్టు తీసేసిన బియ్యపు గింజ మండుటెండకు పైన గబగబా ఆరిపోతుంది, లోపల ఆరదు. మన ఊళ్ళో మధ్యాహ్నానికే సముద్రపు గాలి తిరుగుతుంది, ఆ చెమ్మను గింజ మళ్ళీ పీల్చుకుంటుంది. ఇలా ఆరుతూ తడుస్తూ ఉంటే గింజకు అడ్డంగా సన్నటి పగుళ్ళు పడతాయి. చేటలో చెరిగేసరికి రెండు ముక్కలు. బియ్యానికి పురుగు పడితే నీడలో, గాలి తగిలే చోట పల్చగా పరచండి. పెద్ద పురుగులు వాటంతటవే పాకిపోతాయి. ఎండ అక్కర్లేదు.

నూకైతే ఉప్మాకి పనికొస్తుందిలే అని ఊరుకోకండి. బియ్యంలో మనం చూసేవి ముఖ్యంగా రెండు రకాలు. ముక్కు పురుగు రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది, తల ముందు సన్నని ముక్కు, వీపు మీద లేత ఎరుపు మచ్చలు నాలుగు. ఇది నిండు గింజను తొలిచే పురుగు. రెండోది ఎర్రటి లక్క పురుగు, దానికి ముక్కు ఉండదు. నిండు గింజను తొలిచే బలం దానికి లేదు. నూక, పిండి, ఇంకో పురుగు తిని వదిలిన పొడి, ఇవే దాని తిండి. అంటే ఎండలో బియ్యం పగిలేలా చేసినవాళ్ళు ముక్కు పురుగును తరిమి లక్క పురుగుకు విస్తరి వేసినట్టయింది. లక్క పురుగు బాగా పట్టిన పిండి గులాబీ రంగుకు తిరిగి ఘాటు వాసన వేస్తుంది. చోడి (రాగి) పిండైనా, గోధుమ పిండైనా ఆ వాసన వచ్చిందంటే జల్లించి వాడొద్దు, పారేయండి. చోళ్ళు గింజలుగా ఉంచుకుని ఎప్పటికప్పుడు ఆడించుకోవడం నాకు ఇష్టం. అంత చిన్న గింజలో ముక్కు పురుగు పిల్ల పెరగడానికి చోటుండదు.

ఇక అసలు ప్రశ్న, మళ్ళీ ఎందుకొచ్చాయి? అవి బయటి నుంచి రాలేదు. మీరు డబ్బాలోకి తిరిగి పోసిన గింజల లోపలే ఉన్నాయి. ఆడ ముక్కు పురుగు గింజకు చిన్న గుంట తొలిచి, అందులో ఒక గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. ఆ మూత మన కంటికి ఆనదు. పిల్ల పురుగు లోపలే పుట్టి, లోపలే తిని, లోపలే పెంకున్న పెద్ద పురుగై, అప్పుడు గోడ కొరుక్కుని బయటికొస్తుంది. మన ఉక్కకు ఇదంతా సుమారు ఒక నెల. మీరు తరిమినవి పెద్దవి మాత్రమే.

నమ్మకం కుదరకపోతే పురుగు పట్టిన బియ్యం గుప్పెడు తీసి నీళ్ళలో వేయండి. పైకి తేలిన గింజల్లో ఒకదాన్ని బ్లేడుతో నిలువుగా చీల్చి, ఫోన్ కెమెరా పెద్దది చేసి చూడండి. కాళ్ళు లేని తెల్లటి బొద్దు పురుగు, గోధుమ రంగు తల, వంగి పడుకుని ఉంటుంది. చుట్టూ పొడి. కొన్నిటిలో గుల్ల తప్ప ఏమీ మిగలదు.

పెసలకు పట్టే పుచ్చు పురుగు పద్ధతి వేరు. అది గుడ్డును గింజ పైనే అతికిస్తుంది, గోటితో గీరినా సులువుగా ఊడదు. ఇక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. పొదగని గుడ్డు అద్దంలా మెరుస్తుంది. తెల్లగా, సున్నం చుక్కలా కనిపిస్తే పిల్ల అప్పటికే గింజలోకి దిగిపోయింది, ఖాళీ పెంకులో దాని పొడి నిండి అలా తెల్లబడింది. తర్వాత పొట్టు కింద గుండ్రటి లేత మచ్చ తేలుతుంది. అది బయటికొచ్చే దారి. బయటికొచ్చిన పెద్ద పురుగుకు తిండితో పని లేదు, గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. కాబట్టి డబ్బాలో చచ్చిన పురుగులు కనిపిస్తే పీడ వదిలిందనుకోకండి. వాటి పని అయిపోయిందని అర్థం.

పప్పుధాన్యాలకు ఎండ పనిచేయాలంటే గింజ లోపల 60 డిగ్రీల దాకా వేడెక్కాలి, ఆ వేడి కనీసం ఒక గంట నిలవాలి. పాత చీర మీద మందంగా పోస్తే గాలి ఆ వేడిని ఎత్తుకుపోతుంది. నల్ల ప్లాస్టిక్ షీటు మీద ఒక వేలి మందం పరిచి, పైన రంగు లేని పారదర్శక షీటు కప్పి, అంచులకు ఇటుకలు పెట్టండి. పదకొండు నుంచి రెండు దాకా చాలు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి, వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది.

కొద్దిగా అయితే ఫ్రీజరే మేలు. కిలో సంచి మూతి బిగించి మైనస్ 18 దగ్గర ఒక వారం ఉంచితే గుడ్డుతో సహా అన్నీ పోతాయి. తీశాక మామూలు వేడికి వచ్చేదాకా సంచి విప్పొద్దు. పాడేరు పసుపు కొమ్ములు తెచ్చుకునేవాళ్ళు కూడా ఇదే చేయండి. కొమ్ముకు సూది బెజ్జాలు పడేది ఇంకో చిన్న గోధుమ రంగు పెంకు పురుగు వల్ల, అది మిరపకారాన్నీ ధనియాలనూ కూడా వదలదు.

పాతిక కిలోల బియ్యం ఫ్రీజర్లో పట్టవు కాబట్టి వారానికోసారి జల్లించండి, వరసగా ఆరు వారాలు. కొత్తగా బయటికొచ్చినవి ఎక్కువ గుడ్లు పెట్టకముందే ఏరేస్తున్నామన్నమాట. ముక్కు పురుగు కదిలిస్తే చచ్చినట్టు పడి ఉంటుంది, దాన్ని చూసి వదిలేయకండి.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టే అలవాటు. పాత బియ్యం మీదే కొత్త బస్తా పోయడం. దయచేసి మానండి. మనం తీసుకునేది పైనుంచి, పోసేదీ పైనుంచే. అడుగునున్న రెండు గ్లాసులు ఎన్ని నెలలైనా అడుగునే ఉంటాయి. ఒక ఆడ ముక్కు పురుగు బతికున్న నాలుగైదు నెలల్లో మూడు వందలకు పైగా గుడ్లు పెట్టగలదు. పూర్ణా మార్కెట్లో ఏరికోరి తెచ్చిన మంచి బియ్యాన్ని మన చేతులతో మనమే దానికి అందిస్తున్నాం. నెల తర్వాత "కొట్టువాడు పురుగు బియ్యం అంటగట్టాడు" అంటాం. అతను అంటగట్టాడో లేదో తెలియాలంటే ఆ బియ్యం విడిగా ఉండాలి కదా! డ్రమ్ము పూర్తిగా ఖాళీ చేయండి, అడుగు మూలలు, మూత మరలు పొడి బ్రష్‌తో దులపండి, కడిగితే ఒక రోజంతా ఎండనివ్వండి. బియ్యం డబ్బా ఖాళీ చేయకూడదన్న ఆచారం ఉన్న ఇళ్ళలో గుప్పెడు కొత్త బియ్యం చిన్న గిన్నెలో పోసి డ్రమ్ములో పెట్టుకోండి, ఆచారమూ నిలుస్తుంది. పాత రెండు గ్లాసులు ఆ వారమే వండేయండి.

వేపాకు గురించి అడిగారు. ఎండిన ఆకు కొంతవరకు పురుగును దూరంగా ఉంచుతుంది, గింజ లోపలి దాన్ని ఏమీ చేయదు. పచ్చాకు వేస్తే చెమ్మ అదనం. నాకు నమ్మకమైనది ఆముదం. కిలో పెసలకు ఒక టీస్పూను, అరచేతుల మధ్య ప్రతి గింజకూ పట్టేలా రుద్దాలి. నూనె పూసిన గింజకు గుడ్డు సరిగా అతకదు, అతికినా గాలాడక చస్తుంది. కాకపోతే పురుగు పట్టకముందే పూయాలి. వండే ముందు బాగా కడగండి.

బోరిక్ పౌడర్ తిండి గింజల్లో కలపొద్దు, అది విషం. గోదాముల్లో పెట్టే మాత్రలు ఎవరైనా తెచ్చిచ్చినా ఇంట్లోకి రానివ్వకండి. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. నిద్రలో ఉన్న కుటుంబాన్ని అది చంపగలదు, అపార్టుమెంట్లలో పక్క ఫ్లాటుకూ పాకుతుంది.

అభ్యాసం. ఇది నలభై రోజుల పని, ఓపికగా చేయండి. తెల్ల చుక్కలున్న పెసలు వంద ఏరండి. గాజు సీసాలో వేసి, మూతికి నేత గుడ్డ కట్టి, రబ్బరు బ్యాండు బిగించి, నీడలో పెట్టండి. రోజూ ఒకే వేళకు చూసి మూడు అంకెలు రాయండి: లేత మచ్చ పడిన గింజలు, బెజ్జం పడిన గింజలు, తిరుగుతున్న పురుగులు. పక్కనే ఇంకో సీసాలో ఆముదం పూసిన మంచి పెసలు వంద వేసి, మొదటి సీసాలో పుట్టిన పురుగులు పది అందులోకి వదిలి, గుడ్లు ఎన్ని అతికాయో లెక్కపెట్టండి. అయ్యాక సీసాలు విప్పకండి. గుడ్డ మీద ప్లాస్టిక్ కవరు బిగించి వారం పాటు ఫ్రీజర్లో ఉంచి, ఆ తర్వాతే చెత్తలో వేయండి.